కొనని గిన్నె

బేరమాడకుండా ఏ వస్తువు కొన్నా ఆ రాత్రి నాకు నిద్రపట్టదు. మా అమ్మ నాకిచ్చిన స్త్రీధనంలో బంగారం కాస్త తక్కువే గాని, ఈ విద్య మాత్రం లోటు లేకుండా ఇచ్చింది. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి పట్టుచీర దాకా చెప్పిన ధరకి కొన్న పాపాన పోలేదు. నాతో బజారుకు వస్తే మావారు నాలుగడుగులు వెనకగా నడుస్తారు, నేనెవరో తెలియనట్టు. ఇంతటి నేర్పరిని, ఒక్కచోట ఆడిన బేరానికి మాత్రం ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ఆ సంగతి చెప్పాలంటే మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెళ్ళాలి.

మా తమ్ముడు జపానులో కనజావా అనే ఊళ్ళో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాడు. 2023 మే నెలలో, కాలేజీకి వేసవి సెలవులు ఇవ్వగానే, వాడి పోరు పడలేక బయల్దేరాను. "టోక్యో అందరూ చూస్తారక్కా. నువ్వు పల్లెటూరి మనిషివి, నీకు పల్లెటూళ్ళు చూపిస్తాను" అన్నాడు. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

జపాను పటం చూస్తే, పెద్ద ద్వీపానికి పడమటి ఒడ్డున, నడిమధ్యలో, వంచిన వేలులా సముద్రంలోకి పొడుచుకువచ్చిన ముక్క ఒకటి కనిపిస్తుంది. అదే నోతో ద్వీపకల్పం. కనజావా నుంచి ఉత్తరంగా బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దానికి రెండు తీరాలు. పడమరవైపు బయటి తీరం. చలికాలంలో అక్కడ అలలు రాళ్ళకేసి కొట్టుకుని నురుగు గాలిలో ఎగురుతుందిట. తూర్పువైపు లోపలి తీరం. అది చెరువులా నిశ్చలంగా ఉంటుంది. మధ్యలో అడవి కప్పిన కొండలు, కొండల సందుల్లో పొలాలు, నల్లగా నిగనిగలాడే పెంకుటిళ్ళు. ఎక్కడా గొప్ప గొప్ప శిఖరాలు లేవు. అన్నీ మనిషి ఎత్తుకు తగ్గట్టే ఉన్నాయి.

సముద్రపు గట్టుమీద నుంచి నీళ్ళ అంచుదాకా మెట్లుమెట్లుగా దిగిన వరిమళ్ళు చూశాను. పేరుకి వెయ్యి మళ్ళు, లెక్కకి 1004. అప్పుడే నాట్లు అయిపోయాయి. ఒక్కొక్క మడిలోనూ ఒక్కొక్క ఆకాశం ముక్క. కొన్ని మళ్ళు మన వంటింటి గట్టుకన్నా పెద్దవేం కావు. ఒక రైతు సాయంత్రం మళ్ళు లెక్కపెట్టుకుంటే ఒకటి తక్కువ వచ్చిందిట. విసిగిపోయి, విప్పి పడేసిన గడ్డి గొంగడి తీసి భుజాన వేసుకుంటే, దాని కింద ఉందిట తప్పిపోయిన మడి! 2011లో ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ, నోతో వ్యవసాయాన్ని లోకం కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. గడ్డి గొంగడి కింద ఇమిడే మడికి అంత గౌరవం!

ఆ పొలాల దేవుణ్ణి గురించి తమ్ముడు చెప్పిన ముచ్చట నాకు మరీ నచ్చింది. కోతలయ్యాక, డిసెంబరు 5న, ఇంటి యజమాని మంచి బట్టలు కట్టుకుని, పొలానికి వెళ్ళి దేవుణ్ణి ఇంటికి పిలుచుకువస్తాడు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చలి కాచుకోమంటాడు. తరవాత వేడినీళ్ళ స్నానానికి తీసుకువెళతాడు. ఆపైన భోజనం. దేవుడు కనిపించడు. అంతేకాదు, వరికంకి గుచ్చుకుని ఆయనకి చూపు పోయిందని నమ్మకం. అంచేత యజమాని ఒక్కొక్క పదార్థాన్నీ పైకి చెబుతాడు: "ఇది చేప, స్వామీ. ఇది ఎర్ర అలసందల అన్నం. ఇది ముల్లంగి" అని. చలికాలమంతా అతిథిగా ఉంచుకుని ఫిబ్రవరి 9న మళ్ళీ పొలానికి సాగనంపుతారు. 2009లో యునెస్కో జాబితాకెక్కిన ఈ పండుగ పేరు అయెనొకోతో. చూపులేని దేవుడికి కూడా కొసరి కొసరి వడ్డించే మర్యాద అది.

చరిత్ర మాత్రం తక్కువా? 748లో ఒతోమో నో యాకమోచి అనే కవి, ఆ ప్రాంతానికి పాలకుడిగా ఉంటూ, గుర్రమెక్కి నోతో అంతా తిరిగి పద్యాలు చెప్పాడు. అవి మన్యోషూ అనే ప్రాచీన సంకలనంలో ఉన్నాయి. మన నన్నయగారు భారతానికి శ్రీకారం చుట్టటానికి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందుమాట. తరవాత 1185లో, దాయాదుల పోరులాంటి మహాయుద్ధంలో ఓడిపోయిన తైరా వంశం వాడు తోకితదా అన్నాయన్ని ఇక్కడికే దేశబహిష్కారం చేసి పంపారు. మా వంశంలో పుట్టనివాడు మనిషే కాదని అన్నవాడుట ఆయన. అంత మాట అన్నవాడు ఈ చేపల ఊళ్ళ మధ్యే కన్నుమూశాడు. ఆయన సంతతి ఇక్కడే పొలం దున్నుకుని, ఉప్పు పండించుకుని, పెద్దింటివారై స్థిరపడ్డారు.

సరే, అసలు కథకి వస్తాను. ద్వీపకల్పానికి ఉత్తరపు కొసన వాజిమా అనే ఊరుంది. అక్కడ పొద్దున్నే జరిగే సంత వెయ్యేళ్ళ నాటిదంటారు. వీధికి రెండువైపులా ఎండుచేపలు, ఊరగాయలు, పూలు పెట్టుకుని అమ్మేవాళ్ళంతా ఆడవాళ్ళే. నడుం వంగిపోయిన ముసలమ్మలు "కొనండమ్మా, కొనండి" అని పిలుస్తుంటే, భాష తెలియకపోయినా నాకు పుట్టింటికి వచ్చినట్టే ఉంది. అక్కడ బేరం కూడా కాస్త సాగింది. అదే నా కొంప ముంచింది.

అదే వీధిలో ఒక దుకాణం. అద్దాల బీరువాలో ఎర్రటి గిన్నె ఒకటి కనిపించింది. పులుసు తాగే గిన్నె. మీద పువ్వూ లేదు, గీతా లేదు. దోసిట్లో పెట్టుకుంటే కోడిపిల్లంత తేలిగ్గా, వెచ్చగా ఉంది. ధర 20,000 యెన్లు. తమ్ముడు లెక్క కట్టి 12,000 రూపాయలన్నాడు.

నా గుండె ఆగినంత పనైంది. మన ఏటికొప్పాక లక్కపిడతలు నాకు తెలియనివా? తరిణె మీద కర్ర గిరగిరా తిరుగుతుంటే లక్క కణిక ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. నిమిషాల్లో నిగనిగలాడే బొమ్మ తయారు. ఇదీ అలాంటి కర్ర గిన్నేగా? "నాలుగు వేలకిస్తాడేమో అడగరా" అన్నాను.

"అక్కా, ఇది సంత కాదు. దుకాణంలో బేరాలాడరు. పరువు పోతుంది."

"నీ పరువు నీ దగ్గరే ఉంచుకో. అడిగితే పోయేదేముంది?"

వాడు నాలుగుసార్లు వంగి, చెవులు ఎర్రబడగా ఏదో గొణిగాడు. దుకాణం యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. కాసేపు నాకేసి చూశాడు. కోపం రాలేదు. నవ్వి, నెమ్మదిగా ఏదో అన్నాడు.

"ధర తగ్గించలేరుట. కాని ఆ ధర ఎందుకయిందో చూపిస్తారుట. తీరిక ఉందా అని అడుగుతున్నారు" అన్నాడు తమ్ముడు.

సెలవుల్లో ఉన్న లెక్చరర్‌కి తీరికకేం కరువు! దుకాణం వెనకాల పనిగదిలోకి తీసుకువెళ్ళాడు. ఒక బల్లమీద పాతిక దాకా గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒకే గిన్నెని ఒక్కొక్క దశలో ఆపేస్తే ఎలా ఉంటుందో చూపించే నమూనాలవి.

మొదట కర్ర. దాన్ని గిన్నె ఆకారానికి ముతకగా తొలిచి, పొగబెట్టి ఆరబెట్టి, నెలల తరబడి అలా ఉంచేస్తారు. వంకర తిరిగే కర్ర అప్పుడే తిరిగిపోవాలి. తరవాత దానికి పూసేది మన లక్క కాదు. మన లక్క పురుగు పెట్టేది. వాళ్ళది ఉరుషి, చెట్టు కార్చే పాలు. ఆ చెట్టు మన మామిడికీ, జీడికీ దగ్గర చుట్టం. జీడి పొక్కటం మనకి తెలుసు కదా? పూర్వం చాకలివాళ్ళు బట్టలకి గుర్తుపెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా బొబ్బలెక్కేదో, పచ్చి ఉరుషి తగిలినా అంతే. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళకి మొహం వాచిపోవటం మామూలేనట. పదీ పదిహేనేళ్ళు పెంచిన చెట్టుకి ఒక్క వేసవి అంతా గాట్లు పెడితే దిగేది ఒక గ్లాసెడు పాలు. ఆ తరవాత ఆ చెట్టుని కొట్టేస్తారు. జపానులో చాలినన్ని చెట్లు లేక, ఎక్కువ భాగం చైనా నుంచే తెప్పించుకుంటున్నారు.

గిన్నె అంచుకీ, అడుగుకీ సన్నని గుడ్డ అంటిస్తారు. ఎందుకని అడిగాను. దెబ్బ తగిలేది అక్కడే కనకట. చీర అంచు పాడవకుండా మనం లోపల ఫాల్ కుట్టుకోమూ? అదన్నమాట. అక్కడి నుంచి అసలు రహస్యం మొదలవుతుంది. ఊరి పక్క కొండలో ఒక రకం మట్టి దొరుకుతుంది. కోటి ఏళ్ళ నాడు సముద్రంలో బతికిన, కంటికి ఆనని నాచుజీవుల పెంకులే ఆ మట్టి. దాన్ని కాల్చి పొడిచేసి ఉరుషిలో కలుపుతారు. ఆ పొడి రేణువుల నిండా సన్నని రంధ్రాలు. అవి ఉరుషిని పీల్చుకుని రాయిలా గట్టిపడతాయి. 17వ శతాబ్దంలో వాజిమావాళ్ళు ఇది కనిపెట్టారు. మొదట ముతక పొడి, తరవాత సన్నది, ఆ తరవాత ఇంకా సన్నది. ఒక్కొక్క పూతకీ ఆరబెట్టటం, నీళ్ళతో సానరాయి పెట్టి అరగదీయటం.

ఆరబెట్టటం అంటే మనలాగా ఎండలో కాదండోయ్. ఉరుషి ఎండలో ఆరదు, తడిగాలిలో ఆరుతుంది! లోపల గోడలు తడిపిన బీరువాల్లో పెడతారు. నోతో వాతావరణమే ఒక పెద్ద తడి బీరువా. అందుకే ఈ పని ఇక్కడ వేళ్ళూనుకుంది. చిట్టచివరి పూత వేసే గదిలోకి నన్ను రానివ్వలేదు. ఒక్క ధూళికణం వాలినా నెలల శ్రమ పోతుంది. ఆ పూత వేసే కుంచె మనిషి వెంట్రుకలతో చేసింది.

మొత్తం వందకు పైగా పనులు. అవన్నీ చేసేది ఒక్కరు కాదు. తొలిచేవారు ఒకరు, అడుగుపూతవారు ఒకరు, అరగదీసేవారు, పైపూతవారు, బంగారు పువ్వులు చెక్కేవారు వేరువేరు. ఎవరిళ్ళల్లో వాళ్ళు. గిన్నె ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఊరంతా తిరిగి తయారవుతుంది. ఆ తిరుగుడంతా కుదిర్చి, చివరికి పూచీపడే పెద్ద ఈ దుకాణందారు. పూర్వం వీళ్ళు గిన్నెలు మూటగట్టుకుని దేశమంతా ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళుట. కొనేవాళ్ళంతా కలిసి చీటీ కట్టి, చీటీ తగిలినవాళ్ళు ఒక సెట్టు తీసుకునే పద్ధతి కూడా ఉండేదిట. ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. చీటీలు వేసి గిన్నెలు కొనటం మా కాకినాడ ఆడవాళ్ళ సొంత విద్య అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో అంచు పెచ్చూడితే మాకు పంపించండి. పైపూత తీసి కొత్తది వేసి ఇస్తాం. లోపలిది చెడదు" అన్నాడు పెద్దాయన. అంటే, అత్తవారింటికి పంపిన ఆడపిల్ల మళ్ళీ పుట్టింటికి వచ్చి పసుపు రాయించుకుని వెళ్ళటమన్నమాట.

రెండు గంటలు గడిచిపోయాయి. ఆయన టీ ఇచ్చాడు. అయినా నేను ఆ గిన్నె కొనలేదు. నిజం ఒప్పుకుంటున్నాను. పన్నెండు వేలకి ఇంట్లో ఏమేం కొనొచ్చో మనసులో లెక్క నడుస్తూనే ఉంది. మర్యాద కోసం ఒక జత చాప్‌స్టిక్స్ కొన్నాను. "ఈ మధ్య మూడేళ్ళుగా భూమి ఊరికే కదులుతోంది. గిన్నెలన్నీ గడ్డిలో సర్ది పెట్టుకుంటున్నాం" అన్నాడాయన, వానల సంగతి చెప్పినట్టుగా. ఆ నెల 5వ తేదీనే పక్కనున్న సుజు ఊళ్ళో గట్టి భూకంపం వచ్చివెళ్ళింది. వీధి మలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఇంటికొచ్చాక, చాప్‌స్టిక్స్‌తో తినేవాళ్ళు మా ఇంట్లో లేరు కనక వాటిని పెన్నుల గ్లాసులో పెట్టాను. మా అమ్మాయి ఒకటి తీసి జడ ముడికి గుచ్చుకునేది.

2024 జనవరి 1. మాకు మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలు, జపానులో సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు. అక్కడ కొత్త సంవత్సరమే పెద్ద పండుగ. దూరాన ఉన్న పిల్లలంతా నోతోలోని పుట్టిళ్ళకి చేరుకున్న రోజు. 7.6 తీవ్రతతో భూమి కదిలింది. తమ్ముడు ఫోను చేసి "మేం బాగానే ఉన్నామక్కా" అన్నాడు గాని, వాడి గొంతు వాడిది కాదు. వాజిమాలో సంతవీధికి ఆ సాయంత్రం నిప్పంటుకుంది. నీటి గొట్టాలు పగిలిపోయాయి, మంట ఆర్పే దారి లేకపోయింది. తెల్లవారేసరికి సుమారు 240 కట్టడాలు, పన్నెండెకరాల మేర, బూడిద. ఆకాశం నుంచి తీసిన ఫొటో టీవీలో చూపిస్తుంటే, ఆ దుకాణం ఎక్కడుండేదో వేలు పెట్టి వెతికాను. అక్కడ వీధే లేదు.

నోతోలో మనుషులే కాదు, మట్టి కూడా మెత్తని మనసుదేనని జపానులో ఒక నానుడి ఉందిట. ఆ మట్టే ఒడ్డున కొన్నిచోట్ల నాలుగు మీటర్లు పైకి లేచింది. సముద్రం వెనక్కి పోయి, రేవుల్లో పడవలు నేలకి ఆనిపోయాయి. తోకితదా సంతతివారి రెండు పెద్ద ఇళ్ళల్లో ఒకటి, గడ్డికప్పు నేలకి ఆనేట్టు కూలిపోయింది. ఇది చాలదన్నట్టు అదే సెప్టెంబరు 21న కుంభవృష్టి కురిసి, ఇల్లు పోయినవాళ్ళకి కట్టిన తాత్కాలిక ఇళ్ళల్లోకి కూడా నీళ్ళొచ్చాయి. భూకంపం వల్లా, తరవాతి కష్టాల వల్లా పోయినవాళ్ళు మొత్తం 500 మందికి పైబడ్డారు.

ఆ పెద్దాయన ఉన్నాడో లేడో తెలుసుకోవటానికి తమ్ముడికి మూడు నెలలు పట్టింది. ఉన్నాడు. దుకాణం లేదు, ఇల్లు లేదు. ఆ ఏప్రిల్‌లో జపాను ప్రధాని కిషిదా అమెరికా వెళ్ళి, అధ్యక్షుడు బైడెన్‌కి వాజిమా పనివారు చేసిన కప్పులు బహూకరించారని పేపర్లో చదివినప్పుడు, నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ కలిగింది.

2025 మే నెలలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి తమ్ముడు పిలవలేదు, నేనే వస్తానన్నాను. సంతవీధి చదును చేసిన బయలు. గడ్డి మొలుస్తోంది. సంత ఆడవాళ్ళు వేరే చోట, ఒక పెద్ద అంగడి భవనం లోపల, బల్లలు వేసుకుని అమ్ముతున్నారు. మెట్ల మళ్ళు భూకంపానికి బీటలు వారిపోతే, 2024లో 120 మళ్ళల్లో మాత్రమే నాట్లు వేయగలిగారుట. ఈసారి ఇంకొన్ని కలిశాయి. బీటల మీద కొత్త మట్టి, కొత్త మట్టిలో లేత నారు.

పెద్దాయన చేతిపనివాళ్ళ కోసం కట్టిన తాత్కాలిక పనిగదిలో ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి "నాలుగు వేలు!" అన్నాడు జపాను భాషలో, వేళ్ళు చూపించి మరీ. తమ్ముడు తల దించుకున్నాడు. నేను నవ్వబోయాను గాని, నవ్వు రాలేదు.

గది నిండా గిన్నెలే. కొత్తవి కావు. దేశం నలుమూలల నుంచి బాగుచేయమని వచ్చినవి, కూలిన ఇళ్ళకింద నుంచి తీసినవి. ఒకటి చేతిలో పెట్టాడు. అంచు ఒకచోట చితికింది. ఆ చితుకులోంచి లోపలి గుడ్డ పోగులు, మట్టి పూత కనిపిస్తున్నాయి. మొదటిసారి నేను అందం అనుకున్నది పైనున్న ఎరుపుని. బేరమాడింది కూడా దానికే. దూలం మీద పడ్డా పగలకుండా నిలిచింది మాత్రం ఈ కనిపించని మట్టీ గుడ్డా.

"కొత్తవి చేస్తున్నారా?" అని అడిగాను.

మెల్లిగా చెప్పాడు. కర్ర తొలిచేవారి యంత్రం ఇంటికింద నలిగిపోయింది. అరగదీసే ఆవిడ పిల్లల దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది, వస్తుందో రాదో. 1990ల తరవాత నుంచి గిరాకీ తగ్గి, పిల్లలెవరూ ఈ పనిలోకి రాక, ఉన్నవాళ్ళు ముసలివాళ్ళైపోయారు. వంద పనుల్లో ఒక్క పని చేసే చెయ్యి లేకపోయినా గిన్నె అక్కడే ఆగిపోతుంది.

"మీరూ వేరే ఊరు వెళ్ళిపోవచ్చుగా?" నోరు జారాను.

ఆయన కిటికీలోంచి కొండకేసి చూపించాడు. "మట్టి అక్కడుంది కదా" అన్నాడు. అంతే.

నాకు మా తాతగారు గుర్తొచ్చారు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో మా కొబ్బరితోట మొత్తం పడిపోతే, డెబ్బై అయిదేళ్ళ మనిషి, నెల తిరక్కుండా మొక్కలు పాతించారు. "కాపుకొచ్చేసరికి మీరుంటారా?" అని ఎవరో అడిగితే, "నేల ఉంటుంది కదరా" అన్నారు. అప్పుడు నాకు పదహారేళ్ళు, అదొక ముసలాయన చాదస్తం అనుకున్నాను.

సంచీలోంచి చాప్‌స్టిక్స్ తీసి భయంభయంగా ముందు పెట్టాను. జడలో గుచ్చుకుని గుచ్చుకుని ఒకదాని కొన పెచ్చూడింది. తినటానికి కాక దేనికి వాడామో తమ్ముడు చెప్పేశాడు. పెద్దాయన పగలబడి నవ్వాడు. వాటిని తుడిచి, ఒక కాగితంలో చుట్టి, బాగుచేయవలసిన వాటి వరసలో పెట్టాడు. డబ్బు వద్దన్నాడు.

"ఒక గిన్నె కావాలి. ఎర్రది. అప్పటిలాంటిదే" అన్నాను.

ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనన్నాడు. ఏడాదో, రెండేళ్ళో. ధర కూడా పెరిగింది. ఎంతో చెప్పగానే తమ్ముడు నా మొహంలోకి చూశాడు. నేను పర్సు తీసి బయానా ఇచ్చాను. ఆయన పుస్తకంలో నా పేరు రాసుకున్నాడు. తెలుగులో కూడా రాయమని పుస్తకం నా వైపు తిప్పాడు. రాశాను.

జీవితంలో మొదటిసారి చెప్పిన ధరకి వస్తువు కొన్నాను. అదీ చేతికి రాని వస్తువు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

గిన్నె ఇంకా రాలేదు. పెన్నుల గ్లాసు కాస్త ఖాళీగా కనిపిస్తోంది. మా అమ్మాయి రోజూ అడుగుతోంది. మా అమ్మ కూడా అడిగింది, గిన్నె ఎంత పడిందే అని. ఆవిడకి మాత్రం నిజం చెప్పలేదు.